పేరొక చోట, చూపొక చోట

గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాదు విడిచి పోడని నానుడి. నూరేళ్ల కింద ఒకాయన ఆ నీళ్లు తాగాడు. పోవాలని ఆయనకేం లేదు. పొమ్మన్నారు, పోయాడు.

ఆయన ధీరేంద్రనాథ్ గంగూలీ. బెంగాలీ. శాంతినికేతనంలో చదువుకుని, నిజాం ఏలుబడిలోని హైదరాబాదుకు వచ్చి ఇక్కడి ఆర్ట్ స్కూల్లో ప్రధానోపాధ్యాయుడిగా కుదిరాడు. ఆయన తాగిన నీళ్లకూ ఒక కథ ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ పట్నం మీద విరుచుకుపడి వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి అడిగితే ఆయన ఎగువన నీళ్లు ఆపాలన్నాడు. అలా కట్టిన గండిపేట కట్ట 1920కి పూర్తయింది. ఏడో నిజాం పేరున దానికి ఉస్మాన్ సాగర్ అని పేరు పెట్టారు కానీ జనం నోట్లో ఊరి పేరే నిలిచింది. గంగూలీ ఈలోపు కలకత్తా పోయి ‘బిలాత్ ఫేరత్’ అనే మూకీలో నటించి పేరు తెచ్చుకుని, 1922లో తిరిగొచ్చి హైదరాబాదులో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టాడు. ఇంద్రజిత్తు, యయాతి, లేడీ టీచర్ అంటూ వరసగా సినిమాలు తీశాడు. థియేటర్లు కూడా నడిపాడు. 1924లో బొంబాయి నుంచి ‘రజియా బేగం’ అనే సినిమా తెప్పించి వేశాడు. ఢిల్లీ గద్దె మీద కూర్చున్న సుల్తానా ప్రేమకథ అది. ప్రభువులవారికి కోపం వచ్చింది. కంపెనీ మూతపడింది, గంగూలీ రైలెక్కాడు.

ఈయన గురించి ఇంతసేపు చెప్పడానికి కారణం ఉంది. బొమ్మలు వేయడం, ఫోటోలు తీయడం, సినిమా తీయడం అనే మూడు పనులూ ఒకే మనిషి చేతిలో కలిసిన తొలి ఉదాహరణల్లో ఆయనొకడు. సినిమాల్లోకి రాకముందే, 1915 ప్రాంతంలో, ‘భావేర్ అభివ్యక్తి’ అని ఒక ఫోటోల పుస్తకం వేశాడు. అందులో అన్ని వేషాలూ ఆయనవే. మొగుడూ ఆయనే, పెళ్లామూ ఆయనే, గుమాస్తా ఆయనే, జమీందారూ ఆయనే. తర్వాత అరవై ఏళ్లకు న్యూయార్క్‌లో సిండీ షెర్మన్ అనే అమ్మాయి తనే రకరకాల సినిమా హీరోయిన్లలా ముస్తాబై ఫోటోలు తీసుకుంది. 1977 నుంచి 1980 దాకా తీసిన ఆ ఫోటోలు ఇప్పుడు ఆధునిక కళ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. మన గంగూలీ మాస్టారు హైదరాబాదులో తీసిన మూకీల రీళ్లు మాత్రం మిగల్లేదు. 1975లో ఆయనకు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఇచ్చి దేశం తన బాకీ తీర్చుకుంది. హైదరాబాదు బాకీ అలాగే ఉంది.

కళాకారులను తలుచుకోవడం అనే మాట వచ్చినప్పుడల్లా నాకో పేచీ తగులుతుంది. మనం తలుచుకునేది దేన్ని? పేరునా, చూపునా? రెండూ ఒకే చోట ఉంటాయని అనుకుంటాం. చాలాసార్లు ఉండవు.

రఘుపతి వెంకయ్య సంగతే చూడండి. మచిలీపట్నం నుంచి మద్రాసు పోయి ఫోటో స్టూడియో పెట్టుకున్న మనిషి. బొమ్మ కదిలితే ఎలా ఉంటుందో చూడాలన్న పిచ్చితో ఆస్తి కరిగించాడు. కొడుకు ప్రకాష్‌ను విదేశాలకు పంపి పని నేర్పించి, 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీయించాడు. ఇవాళ ఆయన పేరిట పురస్కారం ఉంది. ఆ పురస్కారం అందుకునేవాళ్లకూ, అందించేవాళ్లకూ, చప్పట్లు కొట్టేవాళ్లకూ ‘భీష్మ ప్రతిజ్ఞ’లో ఒక్క ఫ్రేము చూసే భాగ్యం లేదు. పేరు ఉంది, చూపు పోయింది.

రాజా దీన్‌దయాళ్‌ది సరిగ్గా దీనికి తిరగేసిన కథ. మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో పుట్టాడు, రూర్కీలో ఇంజనీరింగు చదివాడు, ఇందోరులో నక్షలు గీసే కొలువు చేశాడు. తర్వాత కెమెరా పట్టుకుని ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో చేరాడు. ముసవ్విర్ జంగ్ అనే బిరుదు కూడా వచ్చింది. పరదా ఆడవాళ్ల ఫోటోల కోసం 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచి దాన్ని ఒక ఇంగ్లీషు దొరసాని చేతుల్లో పెట్టాడు. ఆ కాలానికి అదెంత ఆలోచన! ఆయన స్టూడియో గాజు నెగెటివ్‌లు 2857 ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. కానీ జనానికి ఆయన దొరికేది అక్కడ కాదు. లంగర్‌హౌజ్ దాటి గండిపేట దారి పట్టండి, ఏ బిర్యానీ హోటల్లోనైనా కూర్చోండి. గోడ మీద పాత చార్మినార్, గుర్రపు బగ్గీలు, చచ్చిన పులి మీద కాలుపెట్టి నిలబడ్డ దొరలు కనిపిస్తారు. అన్నీ ఆయనవి కాకపోవచ్చు, కొన్ని మాత్రం కచ్చితంగా ఆయన కెమెరాలోంచి వచ్చినవే. ఫోటో మూల ఆయన పేరుండదు, హోటలు పేరుంటుంది. పాత హైదరాబాదు అనగానే మన కళ్ల ముందు కదిలే ఆ గోధుమరంగు పట్నాన్ని మన బుర్రలోకి ఎక్కించింది ఆయనే. మనం అది మన ఊహ అనుకుంటాం.

పేరు పోయి చూపు మిగలడం నష్టమా? దీని మీద నాకు ఒక అభిప్రాయానికి రావడానికి చాలాకాలం పట్టింది. అందుకు సాయపడినవాడు కృష్ణారెడ్డి.

చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టాడాయన. శాంతినికేతనం పోయాడు, అక్కణ్ణించి లండను, పారిస్. పారిస్‌లో స్టాన్లీ హేటర్ నడిపే అతెలియే 17 అనే ముద్రణ కార్ఖానాలో చేరాడు. అప్పటిదాకా లోహపు పలక మీద చెక్కి తీసే ముద్రల్లో రంగుకో పలక కావాలి. నాలుగు రంగులంటే నాలుగు పలకలు, నాలుగుసార్లు ప్రెస్సు తిప్పుడు. ప్రతిసారీ కాగితం వెంట్రుకవాసి జరిగిందా, పని పాడు. హేటర్, కైకో మోతీలతో కలిసి కృష్ణారెడ్డి దీనికి కనిపెట్టిన ఉపాయం వింటే ముచ్చటేస్తుంది. పలకను ఒకే లోతున కాకుండా మిట్టలు, పల్లాలుగా చెక్కాలి. ఒక రంగులో అవిసె నూనె ఎక్కువ కలిపి పలచగా, ఇంకో రంగును చిక్కగా ఉంచాలి. పలచటి రంగును గట్టి రోలరుతో తోస్తే మిట్టల మీద మాత్రమే అంటుకుంటుంది. మెత్తటి రోలరు పల్లాల్లోకి దిగి చిక్కటి రంగును అంటిస్తుంది. నూనె రంగు ఉన్నచోట చిక్కటి రంగు నిలవదు, జారుకుంటుంది. అన్ని రంగులూ ఒకే పలక మీద, ఒకే తిప్పుడులో కాగితం మీదికి వస్తాయి. శిల్పం కూడా చేసినవాడు కాబట్టి ఆయనకు పలక అంటే చదును కాదు, కొండా కోనా ఉన్న నేల.

2018లో ఆయన న్యూయార్క్‌లో పోయాడు. ప్రపంచంలో ముద్రణ కళ నేర్పే స్టూడియోల్లో ఆ పద్ధతి నేర్పుతూనే ఉన్నారు. రోలరు పట్టుకున్న పిల్లల్లో చాలామందికి నందనూరు ఎక్కడుందో తెలియదు, రెడ్డిగారి పేరు కూడా తెలియకపోవచ్చు. కానీ ఏ రంగు ముందు, ఎంత నూనె, ఏ రోలరు అని వాళ్లు ఆగి ఆలోచించే క్షణంలో ఆయన ఆలోచనే నడుస్తూ ఉంటుంది. ఆయనకు చిత్తూరులో విగ్రహం పెడితే నేను వద్దనను. పెట్టకపోతే మాత్రం ఆయన పోయినట్టు కాదని నా లెక్క.

ఈ లెక్క మొయినాబాద్ దగ్గర కాస్త తడబడింది.

గండిపేట, హిమాయత్ సాగర్ చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల మేర, ఎనభై నాలుగు ఊళ్లలో, పెద్ద కట్టడాలు వద్దని 1996లో 111 జీవో వచ్చింది. చెరువులను కాపాడటానికి పెట్టిన ఆ కట్టుబాటు పుణ్యాన మొయినాబాద్, చేవెళ్ల వైపు కొంత పచ్చదనం మిగిలింది. ఆ పచ్చదనంలో ఫాంహౌజులు, ఫంక్షన్ హాళ్లు, వాటి వెంట ప్రీవెడ్డింగ్ షూటింగు సెట్లు మొలిచాయి. తెలిసినవాళ్ల అమ్మాయి పెళ్లి కుదిరి, షూటింగుకు తోడు రమ్మంటే అలాంటి ఒక సెట్టుకు పోయాను. ఒక మూల లండన్ టెలిఫోను డబ్బా, ఇంకో మూల రాజస్థాన్ బురుజు, మధ్యలో మన పల్లెటూరు. పల్లెటూరంటే ఒక గోడ, ఒక దర్వాజ, ఒక ఎడ్లబండి. గోడకు పేడరంగు ఎమల్షన్ పూసి, దాని మీద తెల్ల పెయింటుతో ముగ్గు వేశారు. బండికి ఎడ్లు లేవు, కాడి కింద ఇనుప గొట్టం పెట్టి నిలబెట్టారు. గోడ వెనక్కి పోతే ప్లైవుడ్డు, మేకులు, ఎవరి పెళ్లిలోనో వాడిన థర్మాకోల్ ఏనుగు.

అమ్మాయి ముస్తాబై బయటికి వచ్చింది. ఎర్రంచు పసుపు చీర, ఆకుపచ్చ రవిక, నుదుట రూపాయి బిళ్లంత బొట్టు, పెద్ద ముక్కుపుడక, కొప్పు నిండా పువ్వులు. “తెలంగాణ థీమ్ అంకుల్” అంది. ఫోటోగ్రాఫరు కుర్రాడు ఆమెను పక్కకు తిరగమన్నాడు, గడ్డం కొంచెం ఎత్తమన్నాడు, రెప్పలు సగం వాల్చమన్నాడు. అంతే, తోట వైకుంఠం బొమ్మ నా ముందు నిలబడింది. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో తన తల్లినీ ఆ ఊరి ఆడవాళ్లనూ చూసి వైకుంఠం గీసిన ఆ ముఖం, గ్యాలరీల నుంచి క్యాలెండర్లకు, క్యాలెండర్ల నుంచి అపార్టుమెంటు లాబీలకు, అక్కణ్ణించి ఈ కుర్రాడి కెమెరాకు చేరింది. అతను ఎవరి బొమ్మనూ కాపీ కొట్టడం లేదు. తెలంగాణ ఆడపిల్ల అంటే ఇలాగే నిలబడుతుందని అతని నమ్మకం.

కృష్ణారెడ్డి విషయంలో నాకు సంతోషం కలిగించిన సంగతే ఇక్కడా జరిగింది కదా, మరి ఈ ఇబ్బంది ఎందుకు? చాలాసేపు ఆ ఉత్తుత్తి గోడకు ఆనుకుని ఆలోచించాను.

వైకుంఠం బొమ్మలు వేయడమే కాక సినిమాకూ పనిచేశాడు. 1988లో బి. నర్సింగరావు తీసిన ‘దాసి’కి కళాదర్శకుడు ఆయనే. గడి అనే కోటలాంటి ఇంట్లో దొర దగ్గర అడబాపగా, అంటే దాసిగా, బతికే కమలాక్షి కథ అది. అర్చన ఆ పాత్ర వేసింది. ఆమెకూ, కెమెరా పట్టిన అపూర్వ కిశోర్ బీర్‌కూ, వైకుంఠానికీ జాతీయ పురస్కారాలు వచ్చాయి. ఆ సినిమాలో మాటలు తక్కువ, పని ఎక్కువ. పొద్దు పొడిచిందగ్గర్నుంచి ఆమె చేసే చాకిరీని కెమెరా తొందర లేకుండా చూస్తుంది. మనకు విసుగొస్తుంది. రావాలనే అలా తీశాడు, ఆమెకు రాదా మరి విసుగు! అంటే ఏ చేయి తెలంగాణ ఆడదాని నుదుట అంత పెద్ద బొట్టు పెట్టిందో, అదే చేయి ఆ గడిలో కుండ ఎక్కడుండాలో, చీపురు ఎక్కడుండాలో కూడా చెప్పింది. లోకం బొట్టు తీసుకుంది, చీపురు వదిలేసింది. మొయినాబాద్ సెట్టులో నాకు తట్టింది అదే. కృష్ణారెడ్డి పద్ధతి చేతులు మారినా పూర్తిగా వచ్చింది, మిట్టలతో పల్లాలతో సహా. ఇక్కడ మిట్టలే వచ్చాయి.

నర్సింగరావు గురించి ఇంకొంచెం చెప్పాలి. 1946లో ప్రజ్ఞాపూర్‌లో పుట్టిన ఈయన కూడా గంగూలీ వరసే: కుంచె, కెమెరా, సినిమా, పైగా కవిత్వం. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో ‘మాభూమి’ నిర్మించిన తర్వాత 1983లో తనే ‘రంగుల కల’ తీసి, అందులో చిత్రకారుడి వేషం తనే కట్టాడు. బొమ్మ కొనే డబ్బున్నవాళ్ల డ్రాయింగ్ రూములకూ, బొమ్మలోకి రావలసిన మనుషుల బస్తీలకూ మధ్య నలిగిపోయే చిత్రకారుడి కథ అది. నలభై ఏళ్లు దాటినా ఆ గొడవ తెగలేదు. గండిపేట కట్ట మీద నిలబడి కోకాపేట దిక్కు చూస్తే చాలు. ఆకాశంలోకి లేచిన ఆ టవర్ల లాబీల్లో వైకుంఠం ఆడవాళ్లు తళతళలాడుతుంటారు. ఆ టవర్లు కట్టేవాళ్లు రేకుల షెడ్లలో ఉంటారు. 1990లో ‘మట్టి మనుషులు’ తీసినప్పుడు నర్సింగరావు చూసింది వాళ్లనే. ఊళ్లో బతుకు లేక పట్నం వచ్చి, పెద్దోళ్ల ఇళ్లకు ఇటుకలు మోసే కూలీలను. అప్పుడు పాలమూరు నుంచి వచ్చేవాళ్లు, ఇప్పుడు ఒడిశా నుంచి, బీహార్ నుంచి కూడా వస్తున్నారు. ‘దాసి’, ‘మట్టి మనుషులు’ రెండూ మాస్కో చలనచిత్రోత్సవం దాకా పోయి మెప్పు పొందాయి. కోకాపేట దాకా మాత్రం రాలేదు.

ఇలా లోకం వదిలేసినదాన్ని చూసే పని ఫోటోల్లో చేసినవాడు భరత్ భూషణ్. వరంగల్ మనిషి, 2022 జనవరిలో పోయాడు. బతుకమ్మను ఇంత విస్తారంగా, ఇంత ఇష్టంగా ఫోటోలు తీసినవాళ్లు అరుదు. కానీ నేను ఎక్కువగా ఆగి చూసేది ఆయన తీసిన ఇళ్లను, గోడలను, దర్వాజలను. అరుగు మీద మనిషి లేకపోయినా ఇప్పుడే లేచి లోపలికి పోయినట్టుంటుంది. పత్రికలకు ఫోటోలిచ్చి పొట్టపోసుకున్న మనిషి, పత్రికకు అక్కరలేని ఫోటోలు ఇన్ని తీశాడంటే ఎవరి కోసమని? అలాంటి ఇళ్లు చేవెళ్ల చుట్టుపక్కల ఇంకా అక్కడొకటి, ఇక్కడొకటి ఉన్నాయి. బీజాపూర్ రోడ్డు మీద నిజాం కాలపు మర్రిచెట్లు ఉన్నట్టే ఉన్నాయి, రేపు ఉంటాయో లేదో తెలియకుండా. రోడ్డు వెడల్పు పనిలో ఆ మర్రిచెట్లు పోకుండా కొందరు కోర్టుల చుట్టూ తిరిగారు. ఇళ్ల కోసం ఎవరూ కోర్టుకు పోలేదు, భరత్ భూషణ్ ఫోటోలు తీశాడు.

షూటింగు సెట్టుకు తిరిగి వస్తే, అక్కడ దర్వాజకు రెక్క సరిచేస్తున్న ఒక వడ్లాయన ఉన్నాడు. చేవెళ్ల పక్క ఊరాయన, అరవైకి దగ్గర్లో ఉంటాడు. మాటల్లో పెట్టి, ‘దాసి’లో గడి కనిపించే ముక్కలు కొన్ని ఫోన్లో చూపించాను. అద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, ఫోను కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. కథ అడగలేదు, హీరోయిన్ ఎవరని అడగలేదు.

“గడి దర్వాజ గిట్ల ఉండదు సార్” అన్నాడు, తను బిగిస్తున్నదాన్ని చూపించి. “పెద్ద దర్వాజల చిన్న దిడ్డి ఉంటది. పనోళ్లకు పెద్దది తియ్యరు. అండ్లకెళ్లి తల వంచి, కాలు లేపి దాటాలె. కడప గింత ఎత్తుంటది. మా నాయిన చేసిండు అసోంటియి.”

“మరి ఇక్కడ ఎందుకు పెట్టలేదు?” అన్నాను.

“దిడ్డి పెడితే పెండ్లిపిల్ల వంగాలె గద సార్. కొప్పు చెడిపోతదని వద్దన్నరు.”

వైకుంఠం పేరు, నర్సింగరావు పేరు చెప్పాను. తలూపాడు. ఆయనకు ఆ పేర్లు గుర్తుండకపోవచ్చు. అయినా ఒకప్పుడు ఆ దిడ్డిలో వంగిన నడుములు ఆయనకు తెలుసు కాబట్టి, ఆ సినిమా చూడవలసిన పద్ధతిలోనే చూశాడు. పురస్కారాల కమిటీలో కూర్చున్నవాళ్లు ఇంతకన్నా ఎక్కువ చూసి ఉంటారని నేననుకోను.

అప్పటి నుంచి నా బుర్రలో ఒక చిన్న దురాశ తిరుగుతోంది. మొయినాబాద్ చుట్టూ ఫంక్షన్ హాళ్లకు కొదవ లేదు. ప్రతి దాంట్లోనూ గోడంత ఎల్‌ఈడీ తెర ఉంది, పెళ్లిరోజు ఈ ప్రీవెడ్డింగ్ వీడియోలు వేసేది దాని మీదే. ఆషాఢంలోనూ, మూఢాల్లోనూ తెరలన్నీ ఖాళీ. ఆ రోజుల్లో ఒక సాయంత్రం ‘దాసి’, ఇంకో సాయంత్రం ‘మట్టి మనుషులు’ వేస్తే? సెట్లు వేసేవాళ్లు, మేకప్ చేసేవాళ్లు, కెమెరా కుర్రాళ్లు, టవర్ల పనివాళ్లు, ఎవరు వస్తే వాళ్లు. ఉపన్యాసాలు వద్దు, దీపం వెలిగించడాలు వద్దు. ఒక హాలు యజమానితో ఈ మాట అంటే కరెంటు బిల్లు ఎవరు కడతారని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆ సంగతి ఇంకా తేలలేదు.

వడ్లాయనకు మాత్రం ముందే చెప్పి ఉంచాను. వస్తానన్నాడు. ఒకటే షరతు పెట్టాడు.

“దర్వాజ వచ్చిన కాడ జర ఆపుర్రి సార్. కొలతలు తీస్కుంట.”